ప్యారలల్ బ్యాటరీ బ్యాంకుకు షంట్ బిగించే పద్ధతి

ఇన్వర్టర్ ముందు భాగంలో వెలిగే నాలుగు లైట్లను చూసి బ్యాటరీలో ఎంత చార్జింగ్ మిగిలిందో తెలుసుకోవచ్చని చాలామంది నమ్ముతారు. ఆ లైట్లు చూసేది వోల్టేజీని మాత్రమే. మిక్సీ వేయగానే వోల్టేజీ పడిపోతుంది, ఆపగానే మళ్ళీ లేస్తుంది, ఎండ రాగానే ఇంకా పైకి పోతుంది. ఈ ఎగుడుదిగుళ్ళలో అసలు నిల్వ ఎంతో పట్టుకోవడం కష్టం. బ్యాటరీలోకి ఎన్ని ఆంపియర్లు ఎంతసేపు వెళ్ళాయో, ఎన్ని ఎంతసేపు బయటికి వచ్చాయో కూడికలు తీసివేతలు చేసుకుంటూ పోయే పరికరమే బ్యాటరీ మానిటర్. ఆ లెక్కకు కావలసిన సమాచారం అందించేది షంట్. ఈ మొత్తం ఏర్పాటు సరైన లెక్క చూపాలంటే ఒక్క షరతు తీరాలి: బ్యాంకులోకి (కలిపి వాడే బ్యాటరీల సమూహంలోకి) వెళ్ళే, బ్యాంకు నుంచి వచ్చే ప్రతి ఆంపియరూ షంట్ గుండానే ప్రయాణించాలి. కింద రాసిన పనుల్లో ఎక్కువ భాగం ఆ షరతును కాపాడుకోవడానికే.

ఉదాహరణగా ఒక ఇంటి సోలార్ ఏర్పాటును తీసుకుంటున్నాను. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఆంపియర్లను గంటలతో హెచ్చించిన లెక్క) ట్యూబులర్ బ్యాటరీలు మూడు ప్యారలల్‌గా, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి ఉన్నాయి, కాబట్టి బ్యాంకు వోల్టేజీ 12 దగ్గరే ఉండి సామర్థ్యం 450 ఏహెచ్ అవుతుంది. పైకప్పు మీద 335 వాట్ల ప్యానెళ్ళు రెండు, వాటి కరెంటును అదుపుచేసి బ్యాటరీకి పంపే చార్జ్ కంట్రోలర్ ఒకటి, 800 వాట్ల లోడు మోయగల 12 వోల్టుల ఇన్వర్టర్, నేరుగా 12 వోల్టుల మీద వెలిగే డీసీ బల్బులు నాలుగు ఉన్నాయి. మీ దగ్గర బ్యాటరీలు రెండే ఉన్నా, నాలుగు ఉన్నా, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానివైనా వైరింగు సూత్రం మారదు. మారేవి సెట్టింగులు మాత్రమే.

షంట్ అంటే ఏమిటి, ఎంత సైజుది కావాలి

షంట్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే రెండు పక్కల రెండు ఇత్తడి దిమ్మెలు, వాటి మధ్య బూడిదరంగు పలుచని పట్టీలు కనిపిస్తాయి. ఆ పట్టీలు సాధారణంగా మాంగనిన్ అనే మిశ్రమ లోహంతో చేసినవి. రాగి, మాంగనీస్, నికెల్ కలిసిన ఈ లోహాన్ని ఎడ్వర్డ్ వెస్టన్ 1892లో తయారు చేశాడు. వేడెక్కినా దీని నిరోధకత దాదాపు మారదు కనుకనే కొలతకు పనికివచ్చింది. కొన్ని షంట్‌ల పట్టీల మీద చిన్న రంపపు గాట్లు ఉంటాయి. అవి పగుళ్ళు కావు, నిరోధకతను సరిగ్గా కుదర్చడానికి తయారీదారు పెట్టినవి. వాటిని ఆకురాయితో నున్నగా చేయాలని చూడకండి, కొలత చెడిపోతుంది.

షంట్ మీద 500 ఆంపియర్లు, 50 మిల్లీవోల్టులు అని రాసి ఉంటే 500 ఆంపియర్లు ప్రవహించినప్పుడు దాని రెండు కొసల మధ్య 50 మిల్లీవోల్టుల తేడా వస్తుందని అర్థం. నిరోధకత లెక్క వేస్తే 0.1 మిల్లీఓమ్. మన ఇన్వర్టర్ పూర్తి లోడు మీద, 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందని అనుకుంటే సుమారు 78 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు షంట్ మీద కనిపించేది 7.8 మిల్లీవోల్టులే, అక్కడ వేడిగా పోయేది అర వాటు కంటే కాస్త ఎక్కువ మాత్రమే. పెద్ద షంట్ పెడితే కరెంటు వృథా అవుతుందన్న భయం అక్కరలేదు. చౌకగా దొరికే 100 ఆంపియర్ల షంట్‌తో సరిపెట్టుకోవడమే పొరపాటు. షంట్‌ను దాని రేటింగులో మూడింట రెండు వంతులకు మించి ఎక్కువసేపు నడపకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. పైగా ఫ్రిజ్, మోటారు మొదలైనప్పుడు ఇన్వర్టర్ క్షణకాలం రెట్టింపు లాగుతుంది. 800 వాట్ల ఇన్వర్టర్‌కు 300 లేదా 500 ఆంపియర్ల షంట్ తీసుకోవడం నిశ్చింత.

మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి. విక్ట్రాన్ కంపెనీ స్మార్ట్‌షంట్ వంటి వాటిలో కొలిచే సర్క్యూట్ షంట్ మీదే ఉంటుంది, అంకెలు ఫోనులో చూసుకోవచ్చు. అదే కంపెనీ బీఎంవీ-712లో గోడకు బిగించుకునే డిస్‌ప్లే వేరుగా వస్తుంది. రెండో రకంలో షంట్ వేరు, మీటరు వేరు. వాటిని కలిపే సన్నని వైర్లు మనమే బిగించాలి. ఈ రెండో రకం వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సన్నని వైర్లను పెద్ద బోల్టుల కింద లగ్గులతో (కేబులు కొసకు నొక్కించే లోహపు బిళ్ళలతో) కలిపి బిగించకూడదు. ఇత్తడి దిమ్మెల మీద ప్రత్యేకంగా చిన్న స్క్రూలు ఉంటాయి; కొలత తీసుకెళ్ళే ఈ సన్నని సెన్స్ వైర్లు వాటికే వెళ్ళాలి. పెద్ద బోల్టు దగ్గర లగ్గుకూ దిమ్మెకూ మధ్య ఉండే కొద్దిపాటి నిరోధకత కూడా 0.1 మిల్లీఓమ్ ముందు పెద్దదే అవుతుంది, ఆ తప్పంతా కొలతలోకి చేరుతుంది. మీటరులో షంట్ రేటింగు అడిగే సెట్టింగు ఉంటే షంట్ మీద ముద్రించిన అంకెలనే ఇవ్వాలి.

ముందుగా బ్యాంకు సక్రమంగా ఉందో లేదో చూసుకోవాలి

షంట్ మొత్తం బ్యాంకు కరెంటును చూపిస్తుంది. అందులో ఏ బ్యాటరీ ఎంత భారం మోస్తోందో దానికి తెలియదు. కనుక షంట్ పెట్టే ముందే మూడు బ్యాటరీలూ సమానంగా పనిచేసేలా కలపాలి. మూడూ ఒకే కంపెనీవి, ఒకే సామర్థ్యం కలవి, ఒకే సమయంలో కొన్నవి అయి ఉండాలి. కలపబోయే ముందు ఒక్కొక్కదాన్ని విడిగా పూర్తిగా చార్జ్ చేసి, కొన్ని గంటలు వదిలేసి, మల్టీమీటరుతో వోల్టేజీ చూడండి. వాటి మధ్య 0.1 వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే ఇంకా కలపవద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పూర్తి చార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.7 చూపించాలని ఎక్కడో చదివి, తమ ట్యూబులర్ బ్యాటరీ 12.5 దగ్గర ఆగిందని కంగారుపడేవారిని చూశాను. మన ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీల్లో చాలావాటికి పూర్తి చార్జింగ్‌లో ఆసిడ్ సాంద్రత 1.240 దగ్గర ఉంటుంది. సాంద్రతకు 0.84 కలిపితే ఒక సెల్లు వోల్టేజీ సుమారుగా వస్తుంది: 2.08. ఆరు సెల్లులకు 12.48. అంటే 12.5 చూపిస్తున్న ఆ బ్యాటరీ నిండుగానే ఉంది. 12.7 అన్నది ఆసిడ్ ఇంకాస్త చిక్కగా నింపిన కారు బ్యాటరీల వంటి వాటి లెక్క.

తరువాత కేబుళ్ళు. చాలా ఇళ్ళలో జరిగేది ఇది: మొదటి బ్యాటరీ నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి లింకులు వేసి, ఇన్వర్టర్ కేబుళ్ళు రెండూ మొదటి బ్యాటరీకే బిగించేస్తారు. ఒక్కో బ్యాటరీ అంతర్గత నిరోధకత 5 మిల్లీఓములు, ఒక్కో లింకు కేబులు దాని లగ్గులతో కలిపి 0.5 మిల్లీఓమ్ అనుకుని లెక్క కట్టి చూడండి. 78 ఆంపియర్లలో మొదటి బ్యాటరీ 33 ఆంపియర్లు, రెండోది 24, మూడోది 20 మోస్తాయి. అవే లింకులు ఉంచి, పాజిటివ్‌ను మొదటి బ్యాటరీ నుంచి, నెగెటివ్‌ను చివరి బ్యాటరీ నుంచి ఐమూలగా తీసుకుంటే ఆ పంపకం సుమారు 27, 24, 27 అవుతుంది. పైసా ఖర్చు లేకుండా, ఒక్క కేబులు చోటు మార్చడంతో ఇంత తేడా వస్తుంది. ఐమూల పద్ధతి పాటించని బ్యాంకులో ముందుగా పోయేది మొదటి బ్యాటరీయే; అది పోయిన తరువాత మిగిలినవాటినీ లాగేస్తుంది.

బస్‌బార్ పద్ధతి అంతకంటే మెరుగైనది, షంట్ బిగించడానికి అనువైనదీ అదే. రెండు రాగి బస్‌బార్లు (చాలా కేబుళ్ళను ఒకేచోట బిగించే లోహపు పట్టీలు) తీసుకుని, మూడు పాజిటివ్ పోస్టుల నుంచి ఒకదానికి, మూడు నెగెటివ్ పోస్టుల నుంచి రెండోదానికి ఒకే పొడవు, ఒకే మందం గల కేబుళ్ళు వేయాలి. దగ్గరి బ్యాటరీకి పొట్టి కేబులు చాలు కదా అని తగ్గించకండి. మిగిలిన పొడవును వంపు తిప్పి సర్దండి. ఒక్కో బ్యాటరీకి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, బస్‌బార్ల నుంచి ఇన్వర్టర్‌కు 35 చదరపు మిల్లీమీటర్లది సరిపోతాయి. లగ్గులను తగిన క్రింపింగ్ టూలుతోనే నొక్కించాలి. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు చూపుకు గట్టిగానే ఉంటుంది కానీ లోపల ఖాళీలు మిగులుతాయి, లోడు పడినప్పుడు వేడెక్కుతుంది.

ప్రతి బ్యాటరీ పాజిటివ్ దగ్గరా 100 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి, బస్‌బార్ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్ళే దారిలో 150 ఆంపియర్లది ఒకటి పెట్టండి. మూడింటిలో ఒక బ్యాటరీ సెల్లు లోపల షార్ట్ అయితే మిగతా రెండూ తమ శక్తినంతా దానిలోకి కుమ్మరిస్తాయి. విడి ఫ్యూజులు లేకపోతే ఆ ప్రవాహాన్ని ఆపేది ఏదీ ఉండదు. ప్యారలల్ బ్యాంకుకు ఉన్న అసలు ప్రమాదం ఇదే. దీన్ని ఖర్చు లెక్కలో వదిలేయవద్దని గట్టిగా కోరుతున్నాను.

పని మొదలుపెట్టే ముందు

ఉంగరాలు, గడియారం, చేతి కడియం తీసి పక్కన పెట్టండి. పాజిటివ్‌కూ నెగెటివ్‌కూ మధ్య పానా పడితే వందల ఆంపియర్లు పారి, పానా ఎర్రగా కాలుతుంది. కాబట్టి పానా పిడికి కొస వరకు ఇన్సులేషన్ టేపు చుట్టుకోండి. చార్జింగ్‌లో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గది తలుపులు, కిటికీలు తెరిచి, చార్జింగ్ ఆపిన అరగంట తరువాత పని మొదలుపెట్టడం మంచిది. కళ్ళద్దాలు పెట్టుకోండి, పక్కన ఒక బకెట్ నీళ్ళు ఉంచుకోండి.

ఆపే వరస ముఖ్యం. ముందు ఇన్వర్టర్ స్విచ్ ఆపి, దాని మెయిన్స్ ప్లగ్గు కూడా తీసేయండి. లేకపోతే కరెంటు ఉన్నంతసేపూ అది చార్జింగ్ పంపుతూనే ఉంటుంది. తరువాత సోలార్ ప్యానెళ్ళ డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ళను విడదీసే స్విచ్) ఆపండి. ప్యానెళ్ళు కలిసి ఉండగా బ్యాటరీని విడదీస్తే చార్జ్ కంట్రోలర్ పాడయ్యే అవకాశం ఉంది. అప్పుడు డీసీ బల్బుల ఫ్యూజు తీయండి. చివరగా బ్యాటరీల నెగెటివ్ పోస్టుల నుంచి కేబుళ్ళు ఒక్కొక్కటిగా విప్పండి. ప్యారలల్ బ్యాంకులో ఒక్క బ్యాటరీ నెగెటివ్ విప్పి కరెంటు పోయిందనుకోకూడదు, మిగతా రెండూ బస్‌బార్‌ను బతికే ఉంచుతాయి. మూడూ విప్పి, ప్రతి లగ్గుకూ టేపు చుట్టి, మల్టీమీటరుతో రెండు బస్‌బార్ల మధ్య చూసిన తరువాతే ముందుకు వెళ్ళండి. ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్ల వల్ల కాసేపు కొద్దిపాటి వోల్టేజీ కనిపించి, మెల్లగా తగ్గిపోతుంది.

నెగెటివ్ వైపు వైరింగు

షంట్‌కు రెండు కొసలు ఉన్నాయి. ఒకటి బ్యాటరీ వైపు, రెండోది సిస్టమ్ వైపు, అంటే లోడు, చార్జింగ్ రెండూ వచ్చే వైపు. షంట్ మీద ఆ పేర్లు ముద్రించి ఉంటాయి. నెగెటివ్ బస్‌బార్‌ను బ్యాటరీ బస్‌బార్ అని పిలుద్దాం. దాని మీదికి మూడు బ్యాటరీల నెగెటివ్ కేబుళ్ళు వస్తాయి, దాని నుంచి ఒకే ఒక్క మందపాటి కేబులు షంట్ బ్యాటరీ కొసకు వెళుతుంది. అంతే. నాలుగు కేబుళ్ళు మాత్రమే, అయిదోది ఉండకూడదు.

షంట్ రెండో కొస నుంచి మరొక చిన్న బస్‌బార్‌కు కేబులు తీసుకెళ్ళండి. ఇది సిస్టమ్ బస్‌బార్. ఇన్వర్టర్ నెగెటివ్, చార్జ్ కంట్రోలర్ బ్యాటరీ నెగెటివ్, డీసీ బల్బుల నెగెటివ్ అన్నీ ఇక్కడికే రావాలి. డీసీ నెగెటివ్‌ను ఎర్తింగ్‌కు కలిపే ఏర్పాటు ఉంటే ఆ వైరు కూడా ఇక్కడి నుంచే వెళ్ళాలి. బ్యాటరీ పోస్టు నుంచి ఎర్త్‌కు వైరు వేస్తే కరెంటుకు షంట్‌ను తప్పించుకునే దొడ్డిదారి దొరుకుతుంది. ఫోన్ చార్జింగ్ పాయింటు, గేటు దగ్గరి సీసీ కెమెరా, రౌటరు కోసం లాగిన సన్నని నల్ల వైర్లను ప్రత్యేకంగా వెతకండి. తరువాత తరువాత కలిసినవి అవే కనుక, అందుబాటులో ఉన్న బ్యాటరీ పోస్టుకే అవి బిగిసి ఉంటాయి.

తూర్పు గోదావరిలో మా మేనమామ గారి ఇంట్లో జరిగినది ఇదే. మానిటర్ పెట్టిన ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్, చార్జ్ కంట్రోలర్ వైర్లను షంట్ మీదుగా శుభ్రంగా తెచ్చాడు కానీ, నాలుగు డీసీ బల్బుల నల్ల వైరును మాత్రం పాత చోటే, మూడో బ్యాటరీ పోస్టు మీదే వదిలేశాడు. ఒక్కో బల్బు 9 వాట్లు. నాలుగూ కలిసి 3 ఆంపియర్లు. రాత్రి పది గంటలు వెలిగితే 30 ఏహెచ్. ఆ 30 ఏహెచ్ బయటికి పోవడం మానిటర్ చూడదు, మర్నాడు చార్జింగ్ రూపంలో తిరిగి రావడం మాత్రం చూస్తుంది. ఎండ కాసిన రోజుల్లో బ్యాంకు నిండగానే లెక్క మళ్ళీ సర్దుకునేది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. శ్రావణంలో నాలుగు రోజులు వరసగా ముసురు పట్టేసరికి తప్పు 120 ఏహెచ్‌కు చేరింది, అంటే బ్యాంకులో పావు వంతు పైమాట. మీటరులో 75 శాతం చూపుతుంటే లోపల 48 ఉంది. "మీటరేమో ముప్పాతిక ఉందంటుంది, ఇన్వర్టరేమో అర్ధరాత్రికే కేకలు పెడుతుంది, ఏది నమ్మాల్రా?" అని మామయ్య ఫోను చేశారు. వెళ్ళి మూత తీసి చూస్తే, మూడో బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద పెద్ద లగ్గు కింద అణిగిపోయి సన్నని నల్ల వైరు ఒకటి కనిపించింది. దాన్ని సిస్టమ్ బస్‌బార్‌కు మార్చడానికి పట్టింది పది నిమిషాలు.

ఇటువంటి తప్పులకు గుర్తులు ఉంటాయి. ఏదైనా లోడు షంట్‌ను తప్పించుకుంటే, ఉదయం పదకొండుకే మానిటర్ నూరు శాతం చూపుతున్నా బ్యాటరీలు ఇంకా ఇరవై ఆంపియర్లు తీసుకుంటూనే ఉంటాయి. చార్జ్ కంట్రోలర్ నెగెటివ్ షంట్‌ను తప్పించుకుంటే దానికి వ్యతిరేకం జరుగుతుంది: మానిటర్‌కు ఖర్చు మాత్రమే కనిపించి, జమ కనిపించక, బ్యాటరీలు నిండుగా ఉన్నా రెండు మూడు రోజుల్లో సున్నా చూపిస్తుంది.

బిగించేటప్పుడు లగ్గు నేరుగా ఇత్తడి దిమ్మెకు ఆనుకోవాలి, వాషరు లగ్గు మీద రావాలి కానీ లగ్గుకూ దిమ్మెకూ మధ్య రాకూడదు. స్మార్ట్‌షంట్ 500 ఆంపియర్ల రకానికి ఎం10 బోల్టులు ఉంటాయి, వాటిని 21 న్యూటన్ మీటర్లకు మించి బిగించకూడదు. షంట్‌ను బ్యాటరీల నెత్తిన కాకుండా పక్క గోడకు చెక్క మీద బిగించండి. ఆసిడ్ ఆవిరి ఇత్తడికి పచ్చని చిలుము పట్టించేస్తుంది. బ్యాటరీ పోస్టులకు బిగింపు అయిన తరువాత పైపైన పెట్రోలియం జెల్లీ రాయండి. ముందే రాసి బిగించడం సరికాదు.

మానిటర్‌కు తన సొంత కరెంటు కోసం, వోల్టేజీ చూడడం కోసం ఒక సన్నని ఎర్ర వైరు పాజిటివ్‌కు వెళ్ళాలి. దానిలో 1 ఆంపియర్ ఫ్యూజు ఉంటుంది, ఆ ఫ్యూజు పాజిటివ్ కొసకు దగ్గరగా ఉండాలి. ఈ వైరును పాజిటివ్ బస్‌బార్‌కు, మెయిన్ ఫ్యూజుకు (ఇన్వర్టర్ దారిలో పెట్టిన 150 ఆంపియర్లదానికి) బ్యాటరీ వైపున కలపండి. ఇన్వర్టర్ దగ్గర కలిపితే లోడు పడినప్పుడు కేబుల్లో పోయే వోల్టేజీ కూడా లెక్కలోకి వచ్చి, బ్యాటరీ వోల్టేజీ తక్కువగా కనిపిస్తుంది. పైగా మెయిన్ ఫ్యూజు తీసిన ప్రతిసారీ మానిటర్ ఆరిపోతుంది.

మళ్ళీ ఆన్ చేయడం, సున్నా సరిచూడడం

ముందుగా మూడు బ్యాటరీల నెగెటివ్ కేబుళ్ళు బిగించి, ఎర్ర వైరు ఫ్యూజు పెట్టండి, మానిటర్ వెలుగుతుంది. ఇన్వర్టర్, ప్యానెళ్ళు, బల్బులు ఏవీ ఇంకా కలపకూడదు. ఈ స్థితిలో షంట్ గుండా ఏమీ పారదు కనుక కరెంటు సున్నా ఉండాలి. 0.2, 0.3 ఆంపియర్లు కనిపిస్తే సెట్టింగుల్లో జీరో కరెంట్ క్యాలిబ్రేషన్ ఇవ్వండి. లోడు నడుస్తుండగా ఈ పని ఎప్పుడూ చేయవద్దు. నడుస్తున్న కరెంటునే సున్నా అనుకుని ఆ తరువాత ప్రతి గంటా తప్పే లెక్కిస్తుంది.

తరువాత ఇన్వర్టర్ కలపండి. మొదటిసారి తాకినప్పుడు కెపాసిటర్లు నిండుతూ చిన్న నిప్పురవ్వ వస్తుంది. అది సహజమే, అందుకే గదిలో గాలి ఆడాలన్నది. ఆ తరువాత చార్జ్ కంట్రోలర్, అది బ్యాటరీని గుర్తించిన తరువాత ప్యానెళ్ళ ఐసొలేటర్. ఫ్యాను వేస్తే మానిటర్‌లో కరెంటు మైనస్‌లో, ఎండ పడితే ప్లస్‌లో కనిపించాలి. తారుమారుగా ఉంటే షంట్ రెండు కొసలూ మారిపోయాయని అర్థం. మళ్ళీ అన్నీ ఆపి పెద్ద కేబుళ్ళు మార్చండి.

ఇప్పుడు అసలైన పరీక్ష. కేబులు విప్పకుండా దాన్ని చుట్టి పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, అదీ డీసీ కొలిచేది, తీసుకోండి. మామూలు క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, కొనేటప్పుడు అడిగి తీసుకోవాలి. ప్యానెళ్ళు ఆపి, ఇంట్లో ప్రతి లోడునూ ఒక్కొక్కటిగా వేయండి. వేసిన ప్రతిసారీ మానిటర్ అంకె కదలాలి. కదలని లోడు షంట్‌ను తప్పించుకుంటున్నట్టే. ఆపైన ఇన్వర్టర్ మోయగల స్థిరమైన పెద్ద లోడు వేసి, మూడు బ్యాటరీల కేబుళ్ళనూ విడివిడిగా క్లాంప్ మీటరుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. మూడింటి మొత్తం మానిటర్ చూపే అంకెకు ఒకటి రెండు ఆంపియర్ల తేడాతో సరిపోవాలి. మూడింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే ముందు లగ్గుల బిగింపు చూడండి, తరువాత ఆసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో సెల్లులు చూడండి. షంట్ చూడలేనిది ఈ పంపకమే కాబట్టి రెండు మూడు నెలలకొకసారి ఈ కొలత తీసుకుని పాత అంకెల పక్కన రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

సెట్టింగులు

సామర్థ్యం దగ్గర 450 ఇవ్వాలి. ఒక బ్యాటరీ మీద రాసి ఉన్న 150 ఇచ్చేస్తే మూడో వంతు వాడేసరికే మానిటర్ సున్నా అంటుంది. బ్యాటరీ మీద సీ10 అని ఉందా, సీ20 అని ఉందా చూడండి. సోలార్ కోసం అమ్మే ట్యూబులర్‌ల మీద సీ10 ఉంటుంది, అంటే పది గంటల్లో ఖాళీ చేస్తే వచ్చే సామర్థ్యం. మానిటర్ అడిగేది సాధారణంగా ఇరవై గంటల లెక్క. సీ10 అంకెనే ఇచ్చినా నష్టం లేదు, అసలుకంటే కొంచెం తక్కువే చూపిస్తుంది.

ప్యూకర్ట్ సంఖ్య 1.25 దగ్గర ఉంచండి. జర్మనీకి చెందిన ప్యూకర్ట్ 1897లో చెప్పిన సంగతి ఇది: వేగంగా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు. 450 ఏహెచ్ బ్యాంకు నుంచి 22.5 ఆంపియర్లు లాగితే ఇరవై గంటలు వస్తుంది. 45 ఆంపియర్లు లాగితే పది గంటలు రాదు, సుమారు ఎనిమిది గంటల ఇరవై అయిదు నిమిషాలు వస్తుంది, అంటే దక్కేది 378 ఏహెచ్. లిథియం బ్యాటరీలకు ఈ సంఖ్య 1.05, చార్జ్ ఎఫిషియెన్సీ (లోపలికి పంపినదానిలో నిల్వ అయ్యే భాగం) 99 శాతం. లెడ్ యాసిడ్‌కు 95 శాతంతో మొదలుపెట్టి, బ్యాటరీలు పాతబడే కొద్దీ 90 దాకా తగ్గించవచ్చు.

ఎక్కువమంది పట్టించుకోనిది, సోలార్ ఇళ్ళలో ఎక్కువ తిప్పలు పెట్టేది, చార్జ్డ్ వోల్టేజీ సెట్టింగు. బ్యాటరీ నిండిందని మానిటర్ నిర్ణయించి లెక్కను నూరు శాతానికి తెచ్చుకోవడానికి మూడు షరతులు చూస్తుంది: వోల్టేజీ ఒక స్థాయి దాటాలి, లోపలికి వెళ్ళే కరెంటు ఒక స్థాయికి తగ్గాలి, ఆ రెండూ కొన్ని నిమిషాలు నిలవాలి. స్మార్ట్‌షంట్‌లో కంపెనీ ఇచ్చిన అంకెలు 13.2 వోల్టులు, 4 శాతం, 3 నిమిషాలు. 450 ఏహెచ్‌లో 4 శాతం అంటే 18 ఆంపియర్లు. ఉదయం తొమ్మిది గంటలకు ఎండ లేతగా ఉన్నప్పుడు వోల్టేజీ 13.3, చార్జింగ్ 12 ఆంపియర్లు ఉండడం మామూలే. మబ్బు అడ్డం వచ్చినా అంతే. మూడు షరతులూ తీరిపోయినట్టే కనుక, సగం ఖాళీగా ఉన్న బ్యాంకును మానిటర్ నిండిందని ప్రకటిస్తుంది. అందుచేత సోలార్ ఉన్నచోట ఈ వోల్టేజీని కంట్రోలర్ అబ్సార్ప్షన్ వోల్టేజీకి (బ్యాటరీ నిండేదాకా అది నిలిపి ఉంచే వోల్టేజీకి) కాస్త కింద ఉంచాలి. కంట్రోలర్ 14.4కు పెట్టి ఉంటే ఇక్కడ 14.2 ఇవ్వండి, కరెంటు స్థాయిని 2 శాతానికి, అంటే 9 ఆంపియర్లకు దించండి. 14.2 దాకా వెళ్ళగలిగిన బ్యాంకు 9 ఆంపియర్లే తీసుకుంటోందంటే అది దాదాపు నిండినట్టే.

డిశ్చార్జ్ ఫ్లోర్‌ను, అంటే ఇంతకంటే కిందికి వాడకూడదన్న హద్దును, 50 శాతం వద్ద ఉంచితే మిగిలిన సమయం లెక్క సగం వరకే వేసి చూపుతుంది. ట్యూబులర్ బ్యాటరీల ఆయుష్షుకు అది మంచిది. మిడ్ పాయింట్ అనే సెట్టింగు సిరీస్‌లో కలిపిన బ్యాటరీల కోసం, 12 వోల్టుల ప్యారలల్ బ్యాంకులో దానికి పని లేదు.

ఇవన్నీ అయ్యాక ఒక రోజంతా ఎండలో బ్యాంకును నిండనిచ్చి, హైడ్రోమీటరుతో సెల్లులన్నీ 1.240 దగ్గర ఉన్నాయని చూసి, అప్పుడు మానిటర్‌లో లెక్కను నూరు శాతానికి తెచ్చే సింక్రనైజ్ నొక్కండి. శాతం లెక్క నమ్మదగినదయ్యేది ఆ క్షణం నుంచే. నొక్కిన తేదీనీ, మూడు బ్యాటరీల క్లాంప్ మీటరు అంకెలనూ ఒక చీటీ మీద రాసి షంట్ బిగించిన చెక్కకు అంటించండి. దాని కింద, రేపు కొత్త వైరు కలపడానికి వచ్చేవారి కోసం, నల్ల వైరు ఏదైనా సరే సిస్టమ్ బస్‌బార్‌కే బిగించాలని పెద్ద అక్షరాలతో రాయండి.